చివరి అక్షరం

తెలుగు పాఠాలు చెప్పుకుని బ్రతికేవాడికి అక్షరం విలువ ఇంకొకరు చెప్పనక్కరలేదని నేను చాలాకాలం అనుకున్నాను. ఒక్క అక్షరం మారితే అర్థం ఎలా తలక్రిందులవుతుందో ఇరవైయేళ్ళుగా నల్లబల్ల మీద వ్రాసి చూపిస్తూనే ఉన్నాను. పిల్లవాడు తప్పు వ్రాస్తే అర మార్కు తగ్గిస్తాం. అక్కడితో సరి. కాని ఒక్క అక్షరానికి లక్షా పన్నెండువేల రూపాయలు ఖరీదు కట్టిన పరీక్ష ఒకటి మా ఇంట్లోనే జరిగింది. ఆ కథ చెబుతాను. మీ ఇంట్లో కూడా పాత కాగితాల పెట్టె ఒకటి ఉండే ఉంటుంది గనుక, వినడం మంచిది.

మాది తంగళ్ళపల్లి. మానేరుకు ఆ గట్టున సిరిసిల్ల, ఈ గట్టున మేము. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు మండల కేంద్రమైంది గాని, నా చిన్నతనంలో మాకు ఏం కావాలన్నా వాగు దాటి సిరిసిల్ల పోవలసిందే. నా నాలుగో ఏట అమ్మ పోయింది. నాయన మగ్గం పనికి భీవండి వెళ్ళిపోయాడు. నన్ను పెంచింది చిన్నమ్మ, అంటే మా చిన్నాయన భార్య. చిన్నాయన 1971లో పటాలంలో చేరి, 1993లో హవల్దారుగా పింఛను పుచ్చుకుని ఇల్లు చేరాడు. ఆ ఇరవై రెండేళ్ళలో ఆయన ఏడాదికొకసారి నల్లరంగు ట్రంకుపెట్టెతో వచ్చే చుట్టం. ఇల్లు నడిపినది ఆయన పంపే మనియార్డరూ, చిన్నమ్మ చుట్టే బీడీలూ. నా కాలేజీ ఫీజులో ఎన్నివేల బీడీలున్నాయో నేను లెక్క కట్టలేదు.

ఇకపోతే చిన్నమ్మ పేరు. అసలు పేరు పత్రికలో వేశానని తెలిస్తే ఆవిడ నన్ను గడప తొక్కనివ్వదు. మా వైపు ఆడవాళ్ళ పేర్లు రాజవ్వ, లచ్చవ్వ, మల్లవ్వ, గంగవ్వ — ఇలా ఉంటాయి. అందులో ఒకటనుకోండి. కోస్తా వారికి అవ్వ అంటే ముసలమ్మ. మాకు అవ్వ అంటే అమ్మ. పుట్టింటిని ‘అవ్వగారిల్లు’ అనేది అందుకే. అంచేత రాజవ్వ అన్నా రాజమ్మ అన్నా అర్థంలో తేడా లేదని వ్యాకరణం ఒప్పుకుంటుంది. ఒప్పుకోనిది రికార్డు ఒక్కటే.

2024 వానాకాలంలో ఒకరాత్రి చిన్నమ్మకు కడుపులో పోటు వచ్చింది. సిరిసిల్లలో చూచిన డాక్టరు పిత్తాశయంలో రాళ్ళున్నాయి, చీము పడుతున్నది, ఆలస్యం చేయవద్దన్నారు. కారు మాట్లాడుకుని కరీంనగరం చేరుకున్నాం. దారి పొడుగునా చిన్నాయన పలకలేదు. మనిషి కంగారు పడుతున్నాడనుకున్నాను. ఆస్పత్రి బల్ల దగ్గర నేను ధైర్యంగా, “మాది మిలిటరీ కార్డండీ” అన్నాను. ఆయన జేబులోంచి కార్డు తీసి ఇచ్చాడు. బల్ల దగ్గరి అమ్మాయి మీట నొక్కి చూచి, “ఇది మీ కార్డు తాతగారూ. పేషెంటుది ఇవ్వండి” అన్నది. చిన్నాయన నేల చూపులు చూశాడు. పేషెంటుకు కార్డు లేదు.

ఆరోగ్యశ్రీకి కావలసిన కార్డూ ఆ ఇంట్లో లేదు. ఫోనులోంచి నేనే డబ్బు కట్టాను. సగం నాది, సగం కాలేజీ సొసైటీ అప్పు. ఆపరేషను బాగానే జరిగింది. ఐదో రోజున ఇంటికి వచ్చాం.

ఆ సాయంత్రం చిన్నాయన ట్రంకుపెట్టె తెరిచి, అడుగున వార్తాపత్రిక క్రింద దాచిన కాగితం ఒకటి నా చేతికిచ్చాడు. 2005 నాటిది. దాని సారాంశం ఇంతే: దరఖాస్తులోని భార్య పేరూ, సర్వీసు రికార్డులోని భార్య పేరూ కలవడం లేదు గనుక, సరిచేయించుకుని మళ్ళీ పంపవలెను. రికార్డులో చిన్నమ్మ పేరు చివర ‘వ్వ’ లేదు, ‘మ్మ’ ఉంది. పెళ్ళయిన కొత్తలో ఆయన చెప్పిన పేరును ఇంగ్లీషులో వ్రాసుకున్న గుమాస్తా ఏ ఉత్తరాది వాడో! దక్షిణాది ఆడవాళ్ళందరూ అమ్మలే అనుకున్నాడు కాబోలు.

“మరి నువ్వు చదవకుండానే సంతకం పెట్టావా, చిన్నాయనా?” అన్నాను.

“మిల్ట్రీల సంతకం పెట్టుమన్న కాడ పెట్టుడే గని, సదువుకుంట కూసుంటరా?” అన్నాడు. కాసేపాగి, “ఆమెకేం రోగమస్తదిలే అనుకున్న” అని గొంతు తగ్గించాడు.

మంచం మీదనుంచి చిన్నమ్మ వింటూనే ఉంది. “పందొమ్మిదేండ్లు దాస్తివా? నేను సచ్చినంక సూపెడుదామనుకున్నవా?” అన్నది. ఆ మాటకు ఆయన దగ్గరా, నా దగ్గరా కూడా జవాబు లేదు.

ఇక్కడ ఆ పథకం గురించి నాలుగు మాటలు చెప్పాలి. మాజీ సైనికుల చందా ఆరోగ్య పథకం, అందరూ ఇ.సి.హెచ్.ఎస్. అనేది, 2003 ఏప్రిల్ 1న మొదలైంది. అంతకు ముందు పింఛనుదారుడికి సైనిక ఆస్పత్రే దిక్కు. అది దగ్గర లేనివాడు సొంత డబ్బుతో వైద్యం చేయించుకోవలసిందే. ఈ పథకంలో ఒక్కసారి చందా కడితే జీవితాంతం భార్యాభర్తలకూ, ఆధారపడిన పిల్లలకూ తల్లిదండ్రులకూ వైద్యం దొరుకుతుంది. దేశంలో నాలుగు వందలకు పైగా పాలీక్లినిక్‌లున్నాయి. వారు చీటీ వ్రాస్తే జాబితాలోని ప్రైవేటు ఆస్పత్రిలో నగదు కట్టకుండా చేర్చుకుంటారు. ప్రాణం మీదికి వస్తే ఏ ఆస్పత్రికైనా పోవచ్చు గాని, జాబితాలో లేనిదైతే రెండు రోజుల్లోగా పాలీక్లినిక్‌కు కబురు చేయాలి. అప్పుడు ముందు మనమే కట్టి, తరువాత ప్రభుత్వ ధరల మేరకు రాబట్టుకోవాలి. చందా మొదట్లో పింఛనునుబట్టి 1,800 నుంచి 18,000 రూపాయల వరకు ఉండేది. 2017 డిసెంబరులో పెంచిన మీదట హవల్దారు వరకు 30,000 అయింది. 1996 జనవరి 1కి ముందు విరమించిన మా చిన్నాయన వంటి వారికి చందాయే లేదు. అంటే చిన్నమ్మకు కార్డు వచ్చి ఉంటే దమ్మిడీ ఖర్చయ్యేది కాదన్నమాట. ఇంత చక్కని పథకానికీ ఆవిడకూ మధ్య ఒక్క అక్షరం అడ్డం నిలబడింది.

పోనీ ప్రైవేటు బీమా తీసుకుందామా అని కూడా చూశాను. అరవై ఐదేళ్ళు దాటినవారికి తలుపు మూయకూడదని బీమా నియంత్రణ సంస్థ 2024 ఏప్రిల్‌లో చెప్పింది. సంతోషమే. కాని ముందే ఉన్న జబ్బుకు మూడేళ్ళ వరకూ ఆగమనవచ్చు. పైగా ఆ రోజుల్లో ప్రీమియం మీద నూటికి 18 రూపాయల జీఎస్టీ ఉండేది. వ్యక్తిగత పాలసీలకు దాన్ని తీసివేసింది 2025 సెప్టెంబరు 22న.

తరువాతి అంకం కాలేజీలో జరిగింది. మార్చి నెల వచ్చిందంటే మా స్టాఫ్‌రూములో సాహిత్యచర్చ ఆగిపోయి, ఆదాయపు పన్ను చర్చ మొదలవుతుంది. అప్పుడు అమల్లో ఉన్న 1961 చట్టంలో 80డి అనే సెక్షను ఉండేది. పాత పద్ధతిలో పన్ను కట్టేవాడు తనకూ భార్యాబిడ్డలకూ కట్టిన ఆరోగ్యబీమా ప్రీమియం 25,000 దాకా ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చు. తల్లిదండ్రులకు కడితే అది వేరే. వారికి అరవై దాటితే 50,000 వరకు. అరవై దాటిన తల్లికో తండ్రికో బీమా లేకపోతే, నగదుగా కాక చెల్లించిన వైద్యం ఖర్చునే చూపుకోవచ్చు. ఇది విని నేను ఉత్సాహంగా ఆస్పత్రి రసీదులు తీసికెళ్ళి, ఇటువంటి లెక్కల్లో మా అందరికీ పెద్దదిక్కయిన కామర్సు మాస్టారి ముందు పెట్టాను.

“ఆవిడ మీకేమవుతారు?” అన్నారాయన.

“చిన్నమ్మ.”

“అయితే కుదరదు.”

“పెంచిన తల్లండీ.”

“దత్తత కాగితం ఉందా?”

మా ఊళ్ళో తల్లిలేని పిల్లవాడికి ముద్ద పెట్టడానికి ఎవరు కాగితం వ్రాయించారు గనుక? నాకు రోషం వచ్చింది. “చిన్నమ్మ అనేది విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం. చిన్న అనేది విశేషణం మాత్రమే. విశేష్యం అమ్మ” అన్నాను.

ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, “మాస్టారూ, సమాసానికి మార్కులు మీరు వేస్తారు గాని, పన్నాఫీసు వేయదు. ఆ సెక్షనులో అత్తమామలకే చోటు లేదు, ఇక చిన్నమ్మలకెక్కడిది? మీ చిన్నాయనగారు తన భార్య ఖర్చుగా చూపుకోవచ్చు, ఆయన్ను చూపుకోమనండి” అన్నారు.

బాగానే ఉంది. కాని ఖర్చు పెట్టింది నేనాయె! పైగా హవల్దారు పింఛనుకు పన్నే పడదు. పన్ను పడనివాడికి పన్ను రాయితీ ఇవ్వడం గొడ్డు లేనివాడికి గడ్డి చవకగా అమ్మడం వంటిది. సైన్యంలో పనిచేసి వచ్చినవారిలో ఎక్కువమంది జవాన్లూ, నాయకులూ, హవల్దార్లే. పన్ను రాయితీ వల్ల వారికి ఒరిగేది అంతంత మాత్రం. వారికి పనికివచ్చేది ఆ కార్డే. అందుకే ఆ కార్డుమీది అక్షరాలు అంత ముఖ్యం.

ఈ గోడు డల్లాసులో ఉంటున్న నా పాత విద్యార్థికి ఫోనులో వెళ్ళబోసుకున్నాను. అతడు చెప్పిన సంగతి వింతగా తోచింది. అమెరికాలో మాజీ సైనికుల ఆస్పత్రుల వ్యవస్థలో పేరు నమోదైన సైనికుడికి, బీమా ప్రీమియం మీద పన్ను సాయం రాదట. ఆయనకు వైద్యం ముందే ఉంది గనుక. సామాన్యంగా ఆ వ్యవస్థ సైనికుడికి గాని, ఇంట్లో అందరికీ కాదు. అందుచేత ఆదాయం పరిమితికి లోబడిన ఇల్లయితే భార్యాపిల్లలు విడిగా బీమా కొనుక్కుని, ఆ సాయం పొందవచ్చును. 2010లో చేసిన చట్టం అది. అందులో నాకు నచ్చినది మరొకటి ఉంది. పన్ను ఏమీ పడనివాడికి కూడా ఆ సాయం అందుతుంది, ముందుగానే బీమా కంపెనీకి చేరుతుంది. అక్కడ భార్యను కార్డులో కలుపుకోక, పన్నులో దారి చూపారు. ఇక్కడ కార్డులోనే కలుపుకున్నారు. నిజం చెప్పాలంటే మన పద్ధతే ఉదారమైనది. కాకపోతే పేరు సరిగ్గా ఉండాలి.

సరే, పేరు సరిచేయించే పనిలో పడ్డాం. నలుగురూ చెప్పిన సలహా ఒకటే: “రికార్డు ఆఫీసుతో ఎందుకు తంటా? ఆధార్‌లో పేరు మార్చేయండి. తేలిక.” నాకూ అదే సుళువనిపించి చిన్నమ్మతో అన్నాను. ఆవిడ బీడీ కార్మికుల గుర్తింపు కార్డూ, పట్టాదారు పాసుపుస్తకమూ, ఓటరు కార్డూ, బ్యాంకు పుస్తకమూ వరుసగా పరిచింది. అన్నింట్లోనూ ‘వ్వ’యే.

“ఇవన్ని మారుస్తవా కొడుకా? నా పేరు నా అవ్వగారు పెట్టింది. తప్పు రాసినోడు వాడైతే, మార్చుకునేది నేనా?” అన్నది.

తర్కానికి తిరుగులేదు. ఆధార్ మారిస్తే పాసుపుస్తకం కలవదు, అది మారిస్తే బ్యాంకు కలవదు. ఒక తప్పును సరిపెట్టడానికి ఐదు ఒప్పులను తప్పు చేయవలసి వస్తుంది.

చిన్నాయన పాత పటాలం రోజుల్లోలాగా తెల్లవారుజామున లేచి తయారయ్యేవాడు. రెండు పేర్లూ ఒక్క మనిషివేనని అఫిడవిట్టు, పత్రికలో ప్రకటన, గుర్తింపు కాగితాల నకళ్ళు, సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా దరఖాస్తు. ఒకసారి ఫొటో చిన్నదైందని, ఒకసారి సంతకం గడి దాటిందని తిరిగివచ్చింది. మోకాళ్ళ నొప్పులతో బస్సు ఎక్కి దిగుతుంటే చూడలేక, “నేను పోతాలే” అన్నాను. “తప్పు నాది, డ్యూటీ నాదే” అన్నాడు. సవరించిన పింఛను ఉత్తర్వు రావడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ మీదట కార్డు వచ్చింది.

ఆ ఉత్తర్వు చదువుతుండగా నాకు ఇంకొక సంగతి తట్టి ఒళ్ళు జలదరించింది. రేపు చిన్నాయనకు ఏదైనా అయితే చిన్నమ్మకు రావలసిన కుటుంబ పింఛను కూడా ఆ పేరు మీదనే కదా! అప్పుడు ఆ ఆఫీసుల చుట్టూ తిరగవలసింది, ఆపరేషను కుట్లున్న కడుపుతో, ఆవిడ ఒక్కతే. ఆయనకు మాత్రం ఈ సంగతి ముందే తట్టినట్టుంది. లేకపోతే అంత పట్టుదల ఎక్కడిది?

కార్డు వచ్చిన రోజున చిన్నమ్మ దానిని వెలుతురుకు పట్టి చూచి, “ఇండ్ల అవ్వ ఏడున్నది?” అన్నది. ఇంగ్లీషు అక్షరాల చివర నాలుగింటినీ వేలుపెట్టి చూపించాను. ఆవిడ వాటిమీద బొటనవ్రేలు రాసి, బీడీ కట్టలకు ముడివేసినంత జాగ్రత్తగా కార్డును గుడ్డలో చుట్టి కొంగున కట్టుకున్నది.

నాకు మాత్రం ఆ ఖర్చుమీద పన్ను మినహాయింపు రాలేదు. రాకపోతే పోనీయండి. ఆ లక్షా పన్నెండువేలూ నేను పాత బీడీల బాకీ క్రింద జమ కట్టుకున్నాను.

మీ ఇంట్లో పటాలం నుంచి వచ్చినవారుంటే, ఈ ఆదివారం ఒక్క గంట వెచ్చించి పెట్టె తీయండి. డిశ్చార్జి పుస్తకంలో, పింఛను ఉత్తర్వులో, ఆధార్‌లో ఇల్లాలి పేరు ప్రక్కప్రక్కన పెట్టి చివరి అక్షరం దాకా చదవండి. మా చిన్నాయన సంగతంటారా? ఇప్పుడు గ్యాసుబండ తెచ్చిన కుర్రవాడు సంతకం అడిగినా సరే, కళ్ళజోడు తెప్పించుకుని, రసీదు రెండువైపులా చదివి గాని కలం పట్టుకోవడం లేదు. ఆ కుర్రవాడు వాకిట్లో నిలబడి విసుక్కుంటున్నాడు. చిన్నమ్మ మాత్రం వాడికి చాయ్ పోసి, “జర ఆగు బిడ్డా, సదువనియ్యి” అంటున్నది.