కోఠి గల్లీలో ఒక స్వరానికి దారి

హైదరాబాదులోని కోఠి పేరు వింటే పాత పుస్తకాల దుకాణాలు, సుల్తాన్ బజారు వస్త్రాలు చాలామందికి స్ఫురిస్తాయి. ఒకనాడు బ్రిటిష్ రెసిడెన్సీగా ఉండి, తరువాత మహిళా కళాశాలగా మారిన ఎత్తయిన స్తంభాల భవనం కూడా ఆ పరిసరాల్లోదే. ఆ సందడి నడుమనే గుజరాతీ గల్లీ ఉంది. స్పీకర్లు, ఆంప్లిఫైయర్లు, మైకులు, చుట్టలు చుట్టలుగా తీగలు, గుప్పెడులో ఇమిడే వందరకాల ప్లగ్గులు అక్కడి సరుకు. మసీదు మైకు మూగబోయినా, ఇంట్లో పాత టేప్‌రికార్డరు మొరాయించినా ఈ గల్లీ వైపే అడుగులు పడతాయి. దారి ఇరుకు. కారును అందులోకి తేవాలనుకోవడం వృథా ప్రయాస. దూరంగా నిలిపి, స్టీరియోను విప్పి సంచిలో పెట్టుకొని రావడమే మేలు.

నేను వెళ్ళింది అలాంటి సంచితోనే. మా కారు ఇరవై ఏళ్ళ నాటిది, అబ్బా కొన్నది. కంపెనీవారు బిగించిన స్టీరియోలో రేడియో, క్యాసెట్టు తప్ప మరేమీ లేవు. ఫోనును తగిలించుకొనే ఆక్స్ రంధ్రం అందులో లేదు. అది కావలసి వచ్చిన కారణం చెప్పాలి.

అబ్బా జిద్దాలో పనిచేసిన రోజుల్లో ఉత్తరాలతో పాటు క్యాసెట్లు కూడా పంపేవారు. విదేశీ ఫోను మాటకు నిమిషాల లెక్కన డబ్బు కరిగిపోయే కాలమది. గల్ఫుకు వెళ్ళినవారి ఇళ్ళల్లో ఇలాంటి మాటల క్యాసెట్లు ఎన్నో ఉండేవి. సెలవు మీద ఊరికి వస్తున్నవారి పెట్టెల్లో అవి మన గడపలకు చేరేవి. ఒకవైపు క్షేమసమాచారాలు, పిల్లలకు హితవులు. రెండవవైపు అబ్బా స్వయంగా పఠించిన సూరాలు. ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నాక, టేపులు పూర్తిగా పాడవకముందే మా చెల్లెలు వాటిని ఫోనులోకి ఎక్కించింది. అమ్మీకి చూపు మందగించింది. మహబూబ్‌నగర్ వెళ్ళే ప్రతిసారీ దారిపొడవునా ఫోనును చెవికి ఆనించుకొని కూర్చుంటారు. ఇంజను హోరులో సగం మాటలు ఆమెకు అందవు.

స్టీరియోనే మార్చేయమని బంధువులు సలహా ఇచ్చారు. అమ్మీ ససేమిరా అన్నారు. అవి అబ్బా వేళ్ళు తిప్పిన మీటలు. పైగా ఏసీ మీటలు, గడియారం, స్టీరియో అన్నీ ఒకే పలకలో కలిసి ఉన్న కారది. కొత్త సెట్టు పెట్టాలంటే ఆ పలకనే కోయవలసి వస్తుంది.

గల్లీలో నాకు దొరికిన చాచా దుకాణం ఒక బల్ల, ఒక దీపం, ఒక సోల్డరింగ్ ఐరన్, అంతే. సెట్టును చేతిలోకి తీసుకుంటూనే, "దీని కోడ్ మీ దగ్గర ఉందా, భాయ్?" అని అడిగారు. దొంగతనం జరగకుండా చాలా కంపెనీ సెట్లకు రహస్య అంకెలు పెడతారు. బ్యాటరీ కరెంటు ఒకసారి తెగితే, మళ్ళీ ఆ అంకెలు నొక్కనిదే సెట్టు పలకదు. అబ్బా సర్వీసు పుస్తకం చివరి పేజీలో వాటిని ఉర్దూ అంకెల్లో రాసిపెట్టారు. ఆ పేజీ చూసి చాచా తల ఊపి, మరలు విప్పసాగారు.

ఫోను స్వరాన్ని పాత స్టీరియోలోకి పంపే దారులు కొన్నే. తేలికైనది క్యాసెట్టు ఆకారంలో ఉండే అడాప్టరు. దానిలోని చిన్న అయస్కాంత హెడ్ టేపులాగే నటిస్తుంది. కానీ మా సెట్టులో టేపును తిప్పే బెల్టు సాగిపోయింది. రెండవది ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటర్. నగరంలో స్టేషన్లు కిక్కిరిసి ఉంటాయి. ఇక్కడ ఖాళీగా దొరికిన చోటులోనే కొంతదూరం పోయాక మరో స్టేషను దూరిపోతుంది. ఖుర్ఆన్ పారాయణం మధ్యలో సబ్బు ప్రకటన వినిపించడం నాకు ససేమిరా నచ్చదు. కొన్ని సెట్లకు వెనుకవైపు సీడీ ఛేంజరు సాకెట్టు ఉంటుంది. ఛేంజరు ఉన్నట్టు సెట్టును నమ్మించే అడాప్టరు దొరికితే అదే ఉత్తమం. మా సెట్టుకు ఆ సాకెట్టూ లేదు.

ఇక మిగిలింది సెట్టు గుండె తెరవడమే. రేడియో భాగం నుంచి వాల్యూమ్ చిప్పుకు కుడి, ఎడమ స్వరాలను మోసే రెండు దారులు ఉంటాయి. వాటిని తెంచి, మధ్యలో 3.5 మిల్లీమీటర్ల జాక్ పెడతారు. పిన్ను గుచ్చితే రేడియో తెగి ఫోను కలుస్తుంది, పిన్ను తీస్తే రేడియో తిరిగి వస్తుంది. ఫోనుకూ చిప్పుకూ నడుమ ఒక్కో దారికి ఒక్కో కెపాసిటరు ఉండాలి. అది స్వరాన్ని పోనిచ్చి, చిప్పు దగ్గరున్న నిలకడ వోల్టేజీని అడ్డుకుంటుంది. రేడియోను బలమైన స్టేషను మీదే ఉంచమని కూడా చాచా చెప్పారు. స్టేషను దొరకని చోట కొన్ని సెట్లు తమంతట తామే మూగబోతాయి, వాటితో పాటు ఫోను స్వరమూ ఆగిపోతుంది.

పని మొదలుపెట్టే ముందు ఆయన, "ఇది పాత బోర్డు. రాగి గీత ఊడితే రేడియో కూడా పోవచ్చు. మీ అమ్మీని అడిగి చెప్పండి" అన్నారు. అమ్మడం, కొనడం కాక వస్తువును ఒకరి చేతికి అప్పగించే వృత్తుల్లో ఈ ఒక్క మాట చెప్పేవారు అరుదు. నేను ఫోను చేశాను. "అబ్బా మాట వినపడితే చాలు" అన్నారు అమ్మీ.

అసర్ అజాన్ కాగానే చాచా ఐరన్ తీగ పీకి, షట్టరు సగం దించారు. నమాజు ముగిసి తిరిగి వచ్చాక, సోల్డరింగ్ పొగలో కూర్చుని ఆయన పాతకాలం ముచ్చట్లు చెప్పారు. ఖుర్ఆన్ మొత్తాన్ని పఠించి భద్రపరచిన మొదటి రికార్డింగు ఈజిప్టు ఖారీ మహమూద్ ఖలీల్ అల్ హుసరీ గారిది. అది 1961లో గ్రామఫోను రికార్డులుగా వెలువడింది. ఫిలిప్స్ క్యాసెట్టు వచ్చింది 1963లో. ఆ తరువాతే పారాయణం టాక్సీలలోకి, వంటిళ్ళలోకి ప్రవేశించింది. చాచా యౌవనమంతా ఆ క్యాసెట్లకు నకళ్ళు తీయడంలోనే గడిచిందట.

మరునాడు సెట్టు బిగించాక ఒక చిక్కు వచ్చింది. ఫోనును కారు ఛార్జరుకు కలిపితే చాలు, ఇంజను వేగంతో పాటు పెరిగే సన్నని ఈల. ఛార్జరు ద్వారా ఒకటి, ఆడియో తీగ ద్వారా మరొకటి, ఇలా గ్రౌండుకు రెండు దారులు ఏర్పడితే ఆల్టర్నేటరు రొద స్వరంలోకి చొరబడుతుంది. చాచా ఆడియో తీగ నడుమ రెండు చిట్టి ట్రాన్స్‌ఫార్మర్లున్న ఐసొలేటరు డబ్బీ పెట్టారు. ఈల మాయమైంది.

మహబూబ్‌నగర్‌కు బయలుదేరే ముందు అమ్మీ ఎప్పటిలాగే సూరా జుఖ్‌రుఫ్‌లోని ప్రయాణపు దుఆ చదివారు. ఖుర్ఆన్ పఠిస్తున్నప్పుడు మౌనంగా ఆలకించాలని సూరా ఆరాఫ్ ఆదేశిస్తోంది. అందుకే దారిలో కబుర్లు ఉన్నంతసేపు పారాయణం ఆపేస్తాం. దానిని వట్టి నేపథ్య ధ్వనిగా వాడుకోవడం మా ఇంట లేదు. శంషాబాద్ దాటాక అమ్మీ అబ్బా స్వరం పెట్టమన్నారు.

ఒక క్యాసెట్టులో అబ్బా ఇంటి కిరాయి గురించి చెబుతుండగా జిద్దాలో అజాన్ మొదలవుతుంది. ఆయన మాట ఆగిపోతుంది. ఫోనులో విన్నన్నాళ్ళూ అక్కడ దూరపు అజాన్ తప్ప మరేమీ లేదనే అనుకున్నాం. కారు స్పీకర్లలో, ముఅజ్జిన్ ప్రతి వాక్యం తరువాత, అబ్బా మెల్లగా జవాబు పలకడం వినిపించింది. అమ్మీ కూడా పెదవులు కదిపారు. షాద్‌నగర్ వచ్చేదాకా మేమెవరమూ మాట్లాడలేదు.