మాకు కండ పట్టిన వృత్తాంతము

ఈ సంచికలో తక్కిన సోదర విద్యార్థులు విజ్ఞానయాత్రలను గూర్చియు, ఆటలపోటీలను గూర్చియు వ్రాయుచుండగా, మేము మా బక్కదేహమును గూర్చి వ్రాయబూనుట కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. నవ్వుదురు గాక. తరగతిలో మమ్ము వెదురుబద్ద యని పిలిచినన్నాళ్లు మేమును వారితో కలసి నవ్వినవారమే. 2023వ సంవత్సరము మే నెలలో మాత్రము ఆ నవ్వు ఆగిపోయినది.

ఆనాడు ఇంటిలో మేమును మా తాతగారును తప్ప వేఱొకరు లేరు. నూతివద్ద కాలు జారి తాతగారు పడిపోయిరి. "ఒరే అబ్బాయీ, లేవదియ్యరా" యని చేయి చాచిరి. మేము వారి చంకల క్రింద చేతులుంచి రెండు మూడు మాఱులు పెనగులాడితిమి. వారు స్థూలకాయులు కారు, అయినను కదలింపలేకపోతిమి. తుదకు మా కేక విని ప్రక్కయింటి పిన్ని పరుగున వచ్చి, మమ్ము ఒక ప్రక్కకు నెట్టి, వారిని లేవనెత్తి మంచము చేర్చెను. ఆమె నిత్యము పొలముపనికి పోవు మనిషి. ఎముక విరుగలేదు గాని తాతగారు మూడు వారములు మంచము దిగలేదు. వారు మమ్మేమియు అనలేదు. ఒక మాట యనియుండినచో బాగుండెడిదని ఇప్పటికిని మాకు తోచుచుండును.

బడి తెఱచిన దినమున తూగి చూచుకొనగా మా బరువు 42 కిలోలు. ఎట్లయినను బరువు పెరిగిన చాలునని తలచి అరటిపండ్లు, నేతిమిఠాయిలు, మాఱు వడ్డనలు సాగించితిమి. కండలు తిరిగిన పురుషుని బొమ్మగల పొడిడబ్బా నొకదానిని ఒక దుకాణదారు మాకంటగట్టెను. పండుగబట్టలకై దాచుకొన్న సొమ్మంతయు దానిపాలైనది. ఇంటికి తెచ్చిన పిదప గదా డబ్బామీది చీటి చదువుట! అందు హెచ్చుభాగము చక్కెరయే. ఆగస్టు నాటికి 2 కిలోలు పెరిగితిమి; పొట్ట ముందుకు వచ్చినది; చేతులు మాత్రము ఎప్పటివలెనే వెదురుబద్దలు.

మా డ్రిల్లు మాష్టరుగారు ఈ కథ విని, "తిండి ఒక్కటే పెట్టితే కండ రాదురా, దానికి పని చెప్పాలి" అనిరి. బరువెత్తునపుడు కండపోగులకు శ్రమ కలుగును. ఆ శ్రమకు ఓర్చుకొనుటకై శరీరము విశ్రాంతివేళ మాంసకృత్తులను కూర్చి ఆ పోగులను దళసరి చేయును. పని లేనిచో మిగిలిన ఆహారము క్రొవ్వుగా నిలువయగును. తిండి చాలనిచో ఎంత శ్రమించినను కండ నిండదు. వారి యాజ్ఞ చొప్పున 10 కిలోల ఇసుకమూట నొకదానిని కుట్టుకొని, సోమ, బుధ, శుక్రవారములందు దానిని నేలనుండి ఎత్తుటయు, దండీలు, బస్కీలు తీయుటయు మొదలిడితిమి. 12 మాఱులు సులువుగా ఎత్తగలిగిన నాడు మఱియొక కిలో ఇసుక పోయవలెను. అంకెలన్నియు ఒక పుస్తకములో వ్రాయుచుంటిమి. మొదటి నెలలో మూట బరువు పెరుగుచుండెను గాని చేతికొలత పెరుగలేదు. ఇది మోసమేమో యని శంకించితిమి. మొదట నేర్చుకొనునవి నరములేననియు, కండ వెనుకనుండి వచ్చుననియు మాష్టరుగారు నవ్విరి.

ఇక తిండి లెక్క. కండ పెంచుకొనువారికి శరీరభారములో కిలోకు దినమునకు సుమారు 1.6 గ్రాముల మాంసకృత్తులు చాలును. అనగా మాకు 70 గ్రాములు. హాస్టలు భోజనమును లెక్కింపగా, 400 గ్రాముల బియ్యమున 28, పప్పున 9, మజ్జిగలో 3, వెరసి 40. లోటు పూడ్చుటకు రెండు గ్రుడ్లు, గుప్పెడు వేరుసెనగలు, పావులీటరు పాలు చాలినవి. డబ్బా వెలలో ఇవి ఎన్ని దినములకు వచ్చెడివో తలచుకొన్న నేటికిని కడుపు మండును. గ్రుడ్డు ముట్టని మా సహపాఠి ఉడికించిన సెనగలు తినెను. వీరఘట్టమున 1882లో జన్మించిన మల్లవీరుడు కోడి రామమూర్తి నాయుడుగారు శాకాహారియే గదా యని అతని ధైర్యము. పరీక్షలవారమున అర్ధరాత్రివఱకు మేల్కొంటిమి; పుస్తకములో ఆ వారపు అంకెలన్నియు దిగిపోయినవి. నిద్ర విలువ మాకట్లు తెలిసినది.

దసరా సెలవులకు ఇంటికి పోయి చూచితిమి గదా, తాతగారి తొడలు కఱ్ఱలవలె సన్నగిల్లియుండెను. మంచము పట్టినవారి కండ త్వరగా కరగిపోవునట. ముదిమియందైనను పని చెప్పినచో కొంత తిరిగి వచ్చునట. వైద్యులు వారిని కుర్చీలోనుండి చేతులు ఊనక లేచి కూర్చుండుమని చెప్పియుండిరి. వారు చేయుట లేదు. మఱునాటినుండి వసారాలో మేము మూటతోను, వారు కుర్చీతోను వ్యాయామము సాగించితిమి. ఉదయపు గ్రుడ్లు చెఱియొకటి. "అయిదు కాదురా, ఆఱు చేశాను, లెక్క తప్పావు" అని వారు నిత్యము తగవు పెట్టుకొనెడివారు. మేము హాస్టలునకు వెడలిన పిమ్మటను ఆ తగవు మా తల్లిగారితో సాగినదట.

2024 సంక్రాంతికి మా బరువు 47 కిలోలు. ఈడుతోబాటు రెండంగుళముల పొడవును పెరిగితిమి గనుక అంతయు ఇసుకమూట చలవయే యని చెప్పుకొనము. కనుమనాడు ఎడ్లను చూడవలెనని తాతగారు వసారా అంచునకు వచ్చిరి. మా మెట్టు ఎత్తు. మేము వంగి వారిని ఎత్తుకొనబోతిమి. "తప్పుకోరా, నేనే దిగుతాను" అని కసరి, మా భుజముమీద చేయి వేసి, తమ బరువంతయు దానిపై మోపి దిగిరి. మేము కదలలేదు.