తోక లేని రెక్కలు

మొన్న మగ్రిబ్ నమాజ్ అయ్యాక మా చిన్నోడు నా ఫోన్ పట్టుకొచ్చాడు. "అబ్బా, విమానం మనోళ్ళే కనిపెట్టారని గ్రూపులో పెట్టారు కదా. మా టీచర్ రైట్ సోదరులు అంటోంది. ఏది సచ్?"

పెట్టింది నేనే. అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ మీద మెసేజ్. ఫఖర్‌తో ఛాతీ ఉప్పొంగి, దలీల్ చూడకుండానే ఖాందాన్ మొత్తానికి పంపేశాను. ఒక్క హదీసు తీసుకోవడానికి ఎవరు ఎవరి దగ్గర విన్నారని తరాల వెంట అడిగిన బుజుర్గుల వారసుడిని నేను! షరమ్ వేసింది. ఆ రాత్రి కూర్చుని వెతికాను.

ఇబ్న్ ఫిర్నాస్ అందులుస్‌లోని ఖుర్తుబా ఆలిమ్, షాయర్. 887లో ఇంతెఖాల్ అయ్యారు. ఒంటికి ఈకలు అతికించుకుని, రెక్కలు కట్టుకుని కొంత దూరం ఎగిరారనీ, దిగేటప్పుడు వీపుకు దెబ్బ తగిలిందనీ రాసింది అల్ మఖ్ఖరీ. ఆయనది 17వ సదీ. మధ్యలో ఏడు వందల ఏళ్ళ పైమాటే! అయితే ఆయన ఒక పాత షేర్ కూడా ఇచ్చారు. ఇబ్న్ ఫిర్నాస్ కాలంలోనే ఉన్న మూమిన్ ఇబ్న్ సయీద్ అనే దర్బారు షాయర్ ఈ ఈకల వేషాన్ని వెక్కిరిస్తూ చెప్పింది. చూడండి, తారీఫ్ చేసినవాళ్ళ మాటకన్నా ఆ మజాకే దగ్గరి గవాహీ.

రైట్ సోదరులది వేరే సంగతి. 1903 డిసెంబర్ 17న ఇంజన్‌తో, అదుపుతో ఎగిరారు. మొదటిసారి 12 సెకన్లు, 120 అడుగులు. ఫోటో కూడా ఉంది.

పొద్దున్నే వాణ్ణి మిద్దె మీదికి తీసుకెళ్ళాను. పక్కింటి కబూతర్లు దిగుతున్నాయి. "తోక చూడు బేటా." దిగే ముందు ఒళ్ళు పైకెత్తి, తోకను విసనకర్రలా విప్పి, వేగం చంపుకుని మెల్లగా వాలుతోంది ఒకటి. పక్షికి తోక ఎందుకో ఇబ్న్ ఫిర్నాస్ గమనించలేదనే మఖ్ఖరీ రాశారు. విమానం తోకలోనూ అడ్డంగా రెక్కలుంటాయి. ముక్కు ఊగిపోకుండా పట్టేవి అవే, దిగేటప్పుడు ముక్కు కొంచెం పైకి లేపేదీ అక్కడి పలకలే.

"అయితే ఆయన ఫెయిలా అబ్బా?"

"దూకాడు కదరా, అంత ధైర్యం!"

గ్రూపులో మాఫీ అడిగి, హఖీఖత్ రాసి పెట్టాను. మొదటి మెసేజ్‌కు వరసగా మాషా అల్లాహ్‌లు వచ్చాయి. దీనికి చాచాజాన్ ఒక్కరే జవాబిచ్చారు: "మనోళ్ళ పేరు నువ్వే తగ్గిస్తే ఎట్లా మియా?"

ఇంకా ఏమీ రాయలేదు ఆయనకి. జుమాకి కలిసినప్పుడు కబూతర్ల సంగతితో మొదలుపెడదామని ఉంది.