పందెం పెరిగినప్పుడు

పేకాట మాటొస్తే మా మంగళగిరిలో రెండే అభిప్రాయాలు. ఆడనివాళ్లు "కొంపలు ముంచుతుంది" అంటారు. ఆడేవాళ్లు "బుర్ర ఉన్నోడికి పోదు" అంటారు. రెండింటిలోనూ నిజం ఉంది, రెండూ ఒక ప్రశ్నను వదిలేస్తాయి: ఎంత పందేనికి? చిన్న బల్ల దగ్గర నిలకడగా గెలిచేవాడే పెద్ద బల్ల దగ్గర అదే ఆట ఆడి మునిగిపోవచ్చు. ముక్కలు అవే యాభై రెండు. మిగతాదంతా మారిపోతుంది.

నాకు ముందు వచ్చింది రమ్మీ. ఉద్యోగంలో చేరి బెంగళూరు వెళ్లాక స్నేహితుల ఇళ్లలో పోకర్ నేర్చుకున్నాను. 2020లో లాప్‌టాప్ పట్టుకుని ఇంటికి వచ్చేశాను. ఆ సెప్టెంబరులోనే ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సు తెచ్చి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆపేసింది. అప్పట్నుంచీ నా పోకర్ అంతా ఏడాదికి రెండు మూడుసార్లు గోవాలో, మాండవి నది మీది కాసినో పడవల్లో. ఇన్నాళ్లూ కూర్చున్నది 50/100 బల్ల. అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు వంతులవారీగా 50, 100 పెట్టాలి. వాటినే బ్లైండ్స్ అంటారు. ఈ మధ్య మొదటిసారి 100/200 బల్లకు వెళ్లాను. వెళ్లేముందు నెలరోజులు నా ఆటను విప్పి మళ్లీ బిగించుకోవాల్సి వచ్చింది.

రమ్మీ నేర్పుతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1967లోనే, సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో చెప్పింది. పడే ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి. మూడు ముక్కలాటను మాత్రం ఒట్టి అదృష్టమంది. మావాళ్లు ఆ తీర్పును సర్టిఫికెట్‌లా చూపిస్తారు. కానీ నేర్పు గెలిపించేది దీర్ఘకాలంలో. అందాకా చేతిలో డబ్బు మిగలాలి కదా. కాసినోలో గంటకు పాతిక, ముప్ఫై ఆటలకు మించి నడవవు. రెండు రోజుల్లో ఇరవై గంటలు కూర్చున్నా ఆరొందలు దాటవు. ఆరొందల ఆటల్లో నేర్పున్నవాడు ఓడిపోవడం మామూలు విషయం.

మొదట మార్చుకున్నది లోతుకి సంబంధించింది. పెద్ద బల్ల అంటే బ్లైండ్స్ రెట్టింపు కావడం ఒక్కటే కాదు. చిన్న బల్ల దగ్గర అందరూ వంద బ్లైండ్స్ డబ్బుతో కూర్చునేవాళ్లు. ఇక్కడ మూడొందలు, నాలుగొందలు. నేనూ 60,000తో, అంటే మూడొందల బ్లైండ్స్‌తో కూర్చున్నాను. చేతిలో ఐదుల జోడీ ఉందనుకోండి. బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కల్లో మరో ఐదు వచ్చే అవకాశం పన్నెండు శాతం దాకా, ఎనిమిది తొమ్మిదిసార్లకు ఒకసారి. దానికోసం 1,000 పెడితే, ఎదుటివాడి దగ్గర 20,000 ఉన్నప్పుడు గిట్టుబాటు అంతంతమాత్రం. 60,000 ఉంటే లెక్క వేరు. అలా చిన్న జోడీల విలువ పెరుగుతుంది. ఆసు-రాణిలాంటి చూడ్డానికి బాగుండే ముక్కల విలువ తగ్గుతుంది. వాటితో మహా అయితే ఒక పెద్ద జోడీ అవుతుంది. ఒక్క జోడీని నమ్ముకుని మూడొందల బ్లైండ్స్ పోగొట్టుకోవడం చాలా తేలిక.

రెండోది బ్లఫ్. మధ్యలో 10,000 ఉన్నప్పుడు ఉత్తుత్తి ముక్కలతో 5,000 కొడితే, మూడింట ఒకసారి ఎదుటివాడు పడేస్తే చాలు, నాకు నష్టం లేదు. లెక్క ఇంతే. కానీ అతన్ని పడేసేలా చేసేది నా 5,000 కాదు, దాన్ని చూసి అతనికి కలిగే భయం. ఒకే నాణెం పేదవాడికీ ధనవంతుడికీ ఒకే బరువు తూగదని 1738లోనే డేనియల్ బెర్నూలీ రాశాడు. ఆ పెద్ద బల్ల దగ్గర కొందరికి 20,000 అంటే ఒక రాత్రి భోజనం ఖర్చు. "చూద్దాం, ఏముందో" అని పిలిచేస్తారు. అందుకని బ్లఫ్‌లు సగానికి సగం కోసేశాను. నిజంగా మంచి ముక్కలు పడ్డప్పుడు మాత్రం ఇదివరకటికంటే ఎక్కువ కొట్టాను.

మూడోది రమ్మీ నేర్పిందే: డ్రాప్. మొదటి ముక్క తీయకముందే పడేస్తే ఇరవై పాయింట్లు, మధ్యలో పడేస్తే నలభై, చివరిదాకా ఉండి ఓడితే ఎనభై దాకా. మన ఆటలో ఓటమికి ముందే ధర కట్టి పెట్టారు. పోకర్‌లో ఆ ధర ఎక్కడా రాసి ఉండదు. మనమే కట్టుకోవాలి.

ఒక ఆటలో నాకు రెండు రాజులు వచ్చాయి. 1,000 పెట్టాను, ఇద్దరు పిలిచారు. బల్ల మీద తొమ్మిది ఇస్పేటు, ఎనిమిది ఇస్పేటు, మూడు డైమను. 2,000 కొట్టాను. ఒకాయన ఉన్నాడు, అరవై దాటిన మనిషి, గోదావరి మాట. నాలుగో ముక్క రెండు కళావరు. 5,000 కొట్టాను. ఆయన తీరిగ్గా 18,000 చేశాడు. పాత బల్ల లోతే అయితే ఆ పాటికి నా దగ్గర 12,000 మిగిలేవి, ఆలోచన లేకుండా తోసేసేవాణ్ని. ఇక్కడ 52,000 ఉన్నాయి. ఇప్పుడు కట్టాల్సిన 13,000 ఒక్కటే కాదు, చివరి ముక్కకు ఆయన అడగబోయే 39,000 కూడా దాని వెనకే నిలబడి ఉంది. సాయంత్రం నుంచీ ఆయన మంచి ముక్కలు లేకుండా రెట్టించింది చూడలేదు. పడేశాను.

"రాజులా బాబూ?" అన్నాడు.

"ఏమోనండీ" అన్నాను.

నవ్వి, తన ముక్కలు చూపించకుండా పక్కకి నెట్టేశాడు. ఆయన చేతిలో ఏముందో నాకు ఎప్పటికీ తెలియదు. పెద్ద బల్ల దగ్గర ఆ తెలియకపోవడంతోనే లేచి, భోంచేసి, నిద్రపోగలగాలి. "ఏముందో చూడాలి" అన్న దురద చిన్న బల్ల దగ్గర వందల్లో తీరుతుంది. ఇక్కడ దాని ఖరీదు 52,000.

భారతంలో జూదాన్ని మనం ఎప్పుడూ శకుని మోసంగానే చదువుతాం. మోసాన్ని పక్కనపెట్టి చూడండి. ధర్మరాజు ఓడినప్పుడల్లా పందెం పెంచాడు: ధనం, రాజ్యం, తమ్ముళ్లు, తను, ద్రౌపది. పందెం పెరిగింది, ఆట మారలేదు. ఓడి అడవికి వెళ్లాక అరణ్యపర్వంలో ఆయన విన్నది నలుడి కథ. ఋతుపర్ణుడు తాండ్ర చెట్టు ఆకుల్నీ కాయల్నీ కొమ్మల మీది లెక్కతో అంచనా కట్టి చెప్తాడు, నలుడికి ఆ విద్యే జూదపు కిటుకై అబ్బుతుంది. ఇంజినీరింగ్ చదివినవాడిగా నాకది చాలా ఇష్టమైన ఘట్టం. కానీ అంత నేర్చుకుని వచ్చి కూడా నలుడు పుష్కరుడితో ఉన్నదంతా ఒకే పందెంలో పెట్టాడు. కథ కాబట్టి గెలిచాడు.

నాకు ఆ ధైర్యం లేదు, అక్కర్లేదు కూడా. మా నాన్న గుంట మగ్గం మీద నిజాం అంచు చీరలు నేసిన మనిషి. నేను ఒక ఆటలో పెట్టేది ఎన్ని రోజుల మగ్గం కూలో ఆయనకు నోటికి వస్తుంది. గెలిచావా అని ఎప్పుడూ అడగడు. "ఎంత తీసుకెళ్తున్నావురా?" అని మాత్రం బయల్దేరేముందు తప్పకుండా అడుగుతాడు. ఇన్నేళ్లలో పోకర్ గురించి నేను విన్న అతి ముఖ్యమైన ప్రశ్న అదే.

మా కొండ మీద పానకాలస్వామికి ఎంత పెద్ద బిందెతో పానకం పోసినా సగమే తాగి సగం వెనక్కి ఇస్తాడని నమ్మకం. బిందె పరిమాణం కాదు లెక్క, పాలు. 1956లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ కెల్లీ పందేల మీద రాసిన సూత్రం సారం కూడా దాదాపు అదే: ఎన్ని రూపాయలని కాదు, ఉన్నదాంట్లో ఎంత భాగమని అడగాలి. 50/100 బల్ల దగ్గర ఇన్నాళ్లలో మిగిలింది 2,40,000. సగం ఇంట్లో పెట్టేశాను. మిగతా 1,20,000 పట్టుకెళ్లాను, సరిగ్గా రెండుసార్లు కూర్చోడానికి. రెండుసార్లకు చాలకపోతే మళ్లీ పాత బల్లకే అని ముందే అనుకున్నాను.

రెండో రోజు రాత్రి లేచేసరికి 14,000 తక్కువ. అన్ని కొద్ది ఆటల మీద ఆ అంకె నా ఆట గురించి మంచీ చెప్పదు, చెడ్డా చెప్పదు. కానీ 1,06,000తో రెండుసార్లు కూర్చోలేను. అందుకని సంక్రాంతి వెళ్లాక గోవాలో కూర్చునేది 50/100 బల్ల దగ్గరే. పక్క బల్ల వైపు చూపు పోతుంది, కాదనను. ఆ పద్నాలుగు వేలు వచ్చేదాకా చూపు ఒక్కటే పోవాలి.