నేను నేను కానట్లున్నప్పుడు

"నా చేతులు నావి కానట్లున్నాయి. మాట్లాడేది నేనే, కాని ఎక్కడో దూరంగా నిలబడి వింటున్నట్లుంది" అని ఇంట్లో ఒక బిడ్డ చెబితే, మా చిత్తూరు, తిరుపతి పల్లెల్లో గాలి సోకిందనే మాట వింటాము. సంఘంలోనైతే విశ్వాసం సన్నగిల్లిందంటారు. కొందరు ఉపవాసం ఉంచి, రాత్రంతా నిద్ర లేకుండా ప్రార్థనలో కూర్చోబెడతారు.

వైద్యులు దీనిని డీపర్సనలైజేషన్ అంటారు. తీవ్రమైన భయం, మోయలేని దుఃఖం, నిద్రలేమి, గంజాయి దీనికి దారితీయవచ్చు. వీరికి మతి తప్పలేదు. 'నావి కానట్లున్నాయి' అంటారే గాని 'నావి కావు' అనరు. కొద్దిసేపుండి పోతే భయపడనక్కరలేదు. వారాల తరబడి విడువకపోతే వైద్యునికి చూపించాలి.

ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరుకొన్నప్పుడు దూత అతనిని గద్దించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి, మళ్లీ పడుకోనిచ్చాడు. హోరేబులో దేవుడు అతనితో మాట్లాడింది ఆ తరువాతనే గదా!

మనకు దగ్గరలోని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు 1957లోనే బాగాయంలో మానసిక వైద్య కేంద్రం తెరిచారు. అక్కడ రోగితో ఇంటివారు కూడా ఉంటారు. అంత దూరం పోలేనివారు ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్‌కు, 14416 నంబరుకు, ఉచితంగా ఫోను చేయవచ్చు.

ప్రార్థన మానమని కాదు. బిడ్డ చేయి పట్టుకొని ప్రార్థిద్దాము. వేళకు అన్నం పెట్టి నిద్రపోనిద్దాము. తెల్లవారి తోడుగా బస్సెక్కుదాము.