కోతుల ఊళ్లో ఎలుగుబంటి

నిజామాబాద్ నుంచి జగిత్యాల వెళ్లే 63వ నంబరు జాతీయ రహదారి మీద, ఆర్మూర్ దాటాక వచ్చే ఊరు మెట్‌పల్లి. పసుపుకీ, ఖాదీకీ పేరు. ఇప్పుడు కోతులకి కూడా! మక్క, పల్లి వేసినోళ్లు పొద్దంతా కావలి ఉండాల్సిందే. పెరట్లో జామ పిందె కూడా మిగలదు.

తెలంగాణలో చాలాచోట్ల రైతులు ఎలుగుబంటి వేషం కట్టి కోతుల్ని తరుముతున్నారు. మా చిన్నబాపు కూడా ఒక డ్రెస్సు తెప్పించిండు. వేసుకుని పెరట్లోకి రాగానే కోతులు నిజంగానే గోడ దూకినయ్. కానీ అది వేషమని వాడకుక్కలకి చెప్పినోళ్లు లేరు! నాలుగు కుక్కలు వెంటపడేసరికి ‘ఎలుగుబంటి’ జామచెట్టెక్కింది. కోతులు గోడ మీద వరుసగా కూర్చుని చూసినయ్.

“నవ్వుడు ఆపి కట్టె తేరా!” అని పైనుంచి అరుపు.

నవ్వినం గానీ, అడవిలో పండ్లచెట్లు తగ్గితేనే కదా అవి ఊళ్లోకొచ్చేది. నిర్మల్ దగ్గర 2020లో కోతుల పునరావాస కేంద్రం తెరిచారు. పట్టి తెచ్చిన కోతులకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి అడవిలో వదులుతారు. ఒక్క కేంద్రం ఎన్ని ఊళ్లకి సరిపోతుంది?

చిన్నమ్మ ఈసారి కూరగాయల విత్తనాలే కొనలేదు. “పెట్టేది మనం, తినేది అవి. ఎందుకు బిడ్డా?” అంది. బీర, సొర కూడా ఇప్పుడు అంగడి నుంచే వస్తున్నాయి.