ఉచిత ఫోనుకి మూడేళ్ల మూడుముళ్లు

అమెరికాలో సెల్‌ఫోను కాంట్రాక్టులు పోయాయని పదేళ్లకు పైగా వింటున్నాం. 2013 మార్చిలో టీ-మొబైల్ రెండేళ్ల కాంట్రాక్టును ఎత్తేసింది. 2015 ఆగస్టులో వెరైజన్, 2016 జనవరిలో ఏటీ అండ్ టీ అదే దారి పట్టాయి. మధ్యలో మానేస్తే ముక్కుపిండి వసూలుచేసే అర్లీ టెర్మినేషన్ ఫీజు దాంతో చచ్చిందన్నారు. చచ్చింది పేరే, మనిషి నిక్షేపంగా ఉన్నాడు, పైగా కాస్త ఒళ్లు చేశాడు. ఇప్పటి ప్రకటనల్లో 'ఫోను ఉచితం' అన్నది గోడంత అక్షరాల్లో ఉంటుంది, '36 నెలల బిల్లు క్రెడిట్ల రూపంలో' అన్నది చీమతలకాయంత అక్షరాల్లో. 800 డాలర్ల ఫోను తీసుకున్నవాళ్ల బిల్లు విప్పి చూడండి. ఒక వరసలో నెల వాయిదా 22 డాలర్ల 22 సెంట్లు, సరిగ్గా దాని కింద మైనస్ గుర్తుతో మళ్లీ అదే 22 డాలర్ల 22 సెంట్లు. రెండూ చెల్లుకు చెల్లు, కాబట్టి ఉచితం. ఇరవై నెలలయ్యాక వేరే కంపెనీకి వెళ్తానంటే కింది వరస మాయమై పై వరస ఒక్కటే మిగులుతుంది: 16 వాయిదాలు, 355 డాలర్ల చిల్లర, ఒక్కసారిగా.

2009 నవంబరులో వెరైజన్ స్మార్ట్‌ఫోన్లకు అర్లీ టెర్మినేషన్ ఫీజును 350 డాలర్లకు పెంచినప్పుడు గగ్గోలు పుట్టింది. టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ సంజాయిషీ అడిగింది. ఆ ఫీజు నెలకు 10 డాలర్ల చొప్పున తగ్గేది. అంటే ఇరవై నెలలకు 150, ఇరవైమూడు నెలలు బుద్ధిగా కట్టినవాడికి కూడా 120. అప్పట్లో ఫోనుకి ముందే కొంత కట్టేవారు కదా అంటారా? నిజమే. 2008లో ఐఫోన్ 3జీ కాంట్రాక్టుతో 199 డాలర్లు. 150కి అది కలిపితే 349, ఇప్పటి లెక్కకు ఆరు డాలర్ల తేడా. ఇక పోయిందంటున్నదేమిటో నాకు అర్థం కాదు. పైగా ఆనాటి ముడి రెండేళ్లకు ఊడిపోయేది. నేటి ముడికి ముప్పయ్యో నెల నిండాక కూడా 133 డాలర్లు మిగిలే ఉంటాయి.

చీటీ పాటలో డబ్బు ఎత్తుకున్నవాడు నాలుగో నెల నుంచి కట్టనంటే ఎవరైనా ఊరుకుంటారా అని మనవాళ్లే అడుగుతారు. ఫోను చేతికొచ్చింది, బాకీ తీర్చాలి, అందులో దోపిడీ ఎక్కడుంది? బాకీ ఒక్కటే అయితే నాకూ పేచీ లేదు. కానీ చీటీలో పాడుకునేవాడికి తానెంత వదులుకుంటున్నాడో నోటిలెక్కే, ఆ వదులుకున్న సొమ్ము నిర్వాహకుడి కమీషన్ పోను మిగతావాళ్లకు పంచుతారు. ఇక్కడ ఉచిత ఫోను సాధారణంగా ఖరీదైన అన్‌లిమిటెడ్ ప్లాన్ తీసుకున్నవాళ్లకే ఇస్తారు. ఫోను మీద తగ్గించింది ప్లాన్‌లో నెలనెలా రాబట్టుకుంటూ, వెళ్లేవాడి దగ్గర తగ్గింపు మొత్తాన్నీ మళ్లీ బాకీగా అడగడం ఏ చీటీ పద్ధతి? పాత కాంట్రాక్టుల రోజుల్లోనూ ఇదే తంతు. ఫోను ఖర్చు రెండేళ్లలో రాబట్టుకుంటున్నాం అనేవారు, ఇరవైఐదో నెల బిల్లు మాత్రం పైసా తగ్గేది కాదు. ఫోను నగదుకు కొనుక్కుని ప్రీపెయిడ్ వేయించుకోవచ్చు కదా అనే సలహా మంచిదే, 800 డాలర్లు ఒక్కసారి తీయగలిగినవాళ్లకు.

పేరున్న ఫీజును కోర్టుకు లాగే వీలుండేది. 2008లో కాలిఫోర్నియాలో అలమెడా కౌంటీ కోర్టు స్ప్రింట్ వసూలుచేసిన ఇలాంటి ఫీజులు చెల్లవని, కోటీ 80 లక్షల డాలర్లు వెనక్కివ్వమంది. ఈ దేశంలో మెచ్చుకోదగ్గ సంగతుల్లో ఇదొకటి: చిన్న చిన్న మొత్తాలు పోగొట్టుకున్న వేలమంది కలిసి ఒకే దావా వెయ్యగలగడం. ఆ తలుపూ ఓరవాకిలి అయిపోయింది. 'ఉచిత' ఫోనుకి 30 డాలర్ల 22 సెంట్లు అమ్మకం పన్ను వేశారని కాలిఫోర్నియా దంపతులు పెట్టిన కేసులో, ఉమ్మడి దావాకు వీల్లేదు, విడివిడిగా మధ్యవర్తి దగ్గరికే వెళ్లాలన్న కాంట్రాక్టు షరతును 2011 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో నిలబెట్టింది. ముప్పై డాలర్ల కోసం ఒంటరిగా ఎవడు తిరుగుతాడు? దానికి తోడు ఇప్పుడు ఫీజన్న మాటే లేదు. 'మేం జరిమానా వెయ్యలేదు, ఇస్తామన్న కానుక ఆపేశాం, అంతే' అంటే ఏమని వాదిస్తాం?

ఇలాంటప్పుడే మన ఊరు గుర్తొస్తుంది. ఇండియాలో నూటికి తొంభైమందికి పైగా ప్రీపెయిడ్. కంపెనీ నచ్చకపోతే 1900కి ఒక మెసేజ్, నంబరు మనదే. ఆ సౌకర్యం దేశమంతటా 2011 జనవరిలో వచ్చింది; అమెరికాకు 2003లోనే వచ్చిందని ఒప్పుకోవాలి. మనం పులుకడిగిన ముత్యాలమూ కాదు. అదే 2003లో రిలయన్స్ 'మాన్‌సూన్ హంగామా' అంటూ 501 రూపాయలకే ఫోను చేతిలో పెట్టి, మూడేళ్ల ఒప్పందానికి కట్టేసింది. కట్టడం మానేసినవాళ్లు అంతా ఇంతా కాదు. ఇక నెలకు 28 రోజులని తేల్చి ఏడాదికి పదమూడు రీచార్జీలు చేయించే తెలివి కూడా మన కంపెనీలదే. కానీ ఆ తెలివితో వచ్చే నష్టం 28 రోజులకు ముగుస్తుంది. మూడేళ్ల దాకా వెంటాడదు.

మూడేళ్లంటే ఇక్కడి మనవాళ్ల చెవికి ఇంకో మాట వినిపిస్తుంది. హెచ్-1బీ వీసా తొలిసారి ఇచ్చేదీ గరిష్ఠంగా మూడేళ్లే. ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండనిచ్చే గడువు ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. సైనికుణ్ణి కంపెనీ సేవ అందని చోటికి పంపితే సెల్ కాంట్రాక్టును జరిమానా లేకుండా రద్దు చేసుకునే హక్కును ఫెడరల్ చట్టమే ఇచ్చింది. అంటే తన చేతుల్లో లేని ప్రయాణం ఒకటుంటుందని చట్టానికి తెలుసు. ఉద్యోగం పోయిన హెచ్-1బీ మనిషిది కూడా అలాంటి ప్రయాణమే, అతనికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. అపార్ట్‌మెంటు లీజు, కారు లోనుతో పాటు ఫోను వాయిదాలూ ఆ 60 రోజుల్లోనే తేల్చుకోవాలి. తేల్చకుండా విమానమెక్కితే బాకీ తీరని ఫోనుకి చాలా కంపెనీలు తాళం తియ్యవు. శంషాబాద్‌లో దిగి మన సిమ్ వేస్తే ఆ ఉచిత ఫోను పలకదు.